హైదరాబాద్ ఖజానా కథ – 4: పామర్ కోఠీ పద్దులు

గత భాగాన్ని 1798, 1800 ఒప్పందాల దగ్గర ఆపాం. ఈస్టిండియా కంపెనీ పటాలాలను హైదరాబాద్‌లో ఉంచుకోవడానికి నిజాం అలీఖాన్ ఒప్పుకున్నాడు. వాటి ఖర్చు కింద బళ్లారి, కడప సీమలను కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలన్న పేరు అలా వచ్చిందే. అంత భూమి పోయాక జీతాల బాధ తీరిపోవాలి, కానీ తీరలేదు. ఎందుకు తీరలేదో, ఆ సందులోంచి హైదరాబాద్‌లోకి తొలి పెద్ద విదేశీ వర్తక కోఠీ ఎలా ప్రవేశించిందో ఈ భాగంలో చూద్దాం.

మీరాలం కట్ట కట్టిన తరం

పాతబస్తీలో కిషన్‌బాగ్‌కు కూతవేటు దూరంలో మీరాలం చెరువు ఉంది. జూపార్కుకు వచ్చినవాళ్లలో చాలామంది ఆ నీళ్లను చూసే ఉంటారు. కట్టను చూసినవాళ్లు తక్కువ. దాదాపు మైలు పొడవున్న ఆ రాతి కట్ట తిన్నగా ఉండదు. 21 అర్ధచంద్రాకారపు కమానులు పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఒక్కో కమాను నీళ్ల వైపుకు ఉబ్బి ఉంటుంది. నీరు నెట్టిన కొద్దీ ఆ బరువు కమాను వంపు వెంట పాకి, రెండు కమానుల మధ్య ఉన్న లావుపాటి రాతి దిమ్మల్లోకి దిగుతుంది. వరుస కమానులతో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే తొలితరానికి చెందింది ఇది. 1804లో పునాది వేసి రెండేళ్లలో పూర్తిచేశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చేదాకా నగరం తాగిన నీళ్లలో ఎక్కువ భాగం ఇక్కడివే.

కట్టించింది దివాన్ మీర్ ఆలం. అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన నిజాం సేనలను నడిపింది ఆయనే. ఆ యుద్ధంలో తన వంతుకు వచ్చిన సొమ్మునే ఈ చెరువుకు పెట్టాడని చెబుతారు. యుద్ధం సొమ్ము మంచి మార్గంలో వచ్చిందని ఎవరూ అనరు. కానీ ఖర్చయిన చోటు గమనించాలి. అది రాయిగా, సున్నంగా, నీరుగా మారి నాలుగైదు తరాలకు పనికొచ్చింది. డబ్బు ఒక ఊరికి ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మీర్ ఆలం 1808లో చనిపోయాడు. ఆయన కింద పైకొచ్చిన ఖత్రీ కుటుంబీకుడు చందూలాల్ చేతికి పేష్కారు హోదాలో రాజ్యం లెక్కలన్నీ వచ్చాయి. దివాన్ పదవిలో మునీర్ ఉల్ ముల్క్ ఉన్నా అది పేరుకే. గద్దె మీద సికందర్ జా ఉన్నా పాలన ఆయన పట్టించుకున్నది తక్కువ. 1843 దాకా, అంటే మూడున్నర దశాబ్దాలు, ఖజానా తాళాలు చందూలాల్ దగ్గరే ఉన్నాయి. ఉర్దూలో ‘షాదాన్’ పేరుతో కవిత్వం రాసినవాడు, దానధర్మాలకు పేరుమోసినవాడు. తర్వాతి కాలపు ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ ఈ వంశంవాడే.

చందూలాల్‌కు పగలూ రాత్రీ ఒక్కటే బెంగ. జీతాలు. ఒప్పందం ప్రకారం కంపెనీ పెట్టిన పటాలాలు చాలవన్నట్టు కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంట్ హెన్రీ రస్సెల్ హయాంలో ఇంకో సైన్యం తయారైంది. మొదట రస్సెల్ బ్రిగేడ్ అన్నారు, తర్వాత హైదరాబాద్ కంటింజెంట్ అయింది. అధికారులు ఆంగ్లేయులు, ఆజ్ఞలు రెసిడెన్సీవి, జీతాలు మాత్రం నిజాంవి. పోను పోను దాని ఖర్చు ఏటా దాదాపు 40 లక్షలకు చేరింది. పంట చేతికొచ్చేదాకా శిస్తు రాదు, సిపాయి జీతం మాత్రం నెలనెలా కట్టాల్సిందే. ఈ రెంటికీ మధ్య ఉన్న ఎడంలో అప్పు పుడుతుంది.

ఎవరీ పామర్?

విలియం పామర్‌ను విదేశీయుడని ఒక్క మాటలో తేల్చేయలేం. తండ్రి జనరల్ విలియం పామర్ కంపెనీ కొలువులో పెద్ద అధికారి, లక్నోలోనూ పుణేలోనూ రెసిడెంట్‌గా చేశాడు. తల్లి ఫైజ్ బక్ష్ ఉత్తరాది ముస్లిం కులీన కుటుంబపు స్త్రీ. 1780లో పుట్టిన కొడుకు నిజాం సైన్యంలో కొలువు చేశాడు, పర్షియన్ మర్యాదలు నేర్చాడు, చివరికి 1867లో హైదరాబాద్ మట్టిలోనే కలిశాడు. కలకత్తాలో వర్తక సార్వభౌముడిలా వెలిగిన జాన్ పామర్ ఇతనికి సవతి అన్న.

సైన్యం వదిలి పామర్ వ్యాపారంలోకి దిగాడు. 1814 నాటికి కంపెనీ ప్రభుత్వ ఆమోదంతో విలియం పామర్ అండ్ కంపెనీ నడుస్తోంది. మొదట్లో చెప్పిన పని గోదావరి ఒడ్డు అడవుల్లోని కలపను నది మీదుగా దించి ఓడల తయారీకి పంపడం. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగిలో అప్పటికే ఓడలు కట్టేవారు. ఆ ఆలోచన సాగి ఉంటే తెలంగాణ అడవికీ తీరాంధ్ర రేవుకీ మధ్య కొత్త వర్తక మార్గం తెరుచుకునేది, కూలికి పని, వడ్రంగికి చేవ దొరికేవి. కోఠీ అటు నిలబడలేదు. దివాణానికి అప్పివ్వడంలో అంతకు ఎన్నో రెట్ల లాభం కనిపించింది.

భాగస్తుల్లో గుజరాతీ సాహుకారు బంకటీ దాస్ ఉన్నాడు. విలియం సోదరుడు హేస్టింగ్స్ పామర్ ఉన్నాడు. 1815లో సర్ విలియం రంబోల్డ్ చేరాడు. అతని పెట్టుబడి కన్నా అతని పెళ్లి విలువైనది. గవర్నర్ జనరల్ లార్డ్ మోయిరా, అంటే తర్వాతి మార్క్విస్ ఆఫ్ హేస్టింగ్స్, తన సంరక్షణలో కూతురిలా పెంచుకున్న అమ్మాయి ఇతని భార్య.

లక్షకు పాతికవేలు

ఇప్పుడు పద్దు తెరిచి చూద్దాం. కోఠీ దివాణానికి ఇచ్చే అప్పు మీద వడ్డీ ఏడాదికి దాదాపు 25 శాతం. లక్ష తీసుకుంటే పాతికవేలు. కట్టలేకపోతే ఆ పాతికవేలూ అసలులో కలిపి నోటు తిరగరాస్తారు. మరుసటి ఏడాది వడ్డీ లక్షా పాతికవేల మీద. మూడేళ్లు తిరిగేసరికి లక్ష అప్పు దాదాపు రెండు లక్షలవుతుంది. ఈ లెక్క తెలియని పల్లె మన దగ్గర ఇవాళ్టికీ లేదు.

మరి కోఠీకి ఆ లక్ష ఎక్కడిది? ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. ఆ డబ్బు లండన్ నుంచి రాలేదు. హైదరాబాద్‌లోనే ఉన్న ఆంగ్ల అధికారులు, వైద్యులు, సైనికులు తమ సొమ్మును 12 శాతం వడ్డీకి కోఠీలో దాచుకున్నారు. స్థానిక సాహుకార్ల సొమ్మూ అందులోనే తిరిగింది. కంటింజెంట్ అధికారి నిజాం నుంచి జీతం తీసుకుంటాడు, కోఠీలో వేస్తాడు. అదే డబ్బును కోఠీ తిరిగి నిజాంకే, అదే జీతాల కోసం, రెట్టింపు వడ్డీకి అప్పుగా ఇస్తుంది. నిజాం సొమ్ము నిజాంకే అప్పు.

వసూలు పద్ధతి కూడా చూడాలి. అప్పుకు హామీగా దివాణం ‘తన్ఖా’ రాసిచ్చేది. ఫలానా తాలూకా శిస్తు నేరుగా కోఠీకి చెల్లించాలని తాలూక్‌దారుకు ఆజ్ఞాపించే కాగితం అది. ఆ కాగితం పట్టుకుని కోఠీ గుమాస్తా తాలూకాకు వెళ్తాడు. తాలూక్‌దారు దేశ్‌ముఖ్‌ను పిలుస్తాడు, దేశ్‌ముఖ్ పటేల్‌ను, పట్వారీని పిలుస్తాడు. చివరికి చేను దగ్గర నిలబడి ఉన్న రైతు దగ్గరికి చేరుతుంది. చందూలాల్ సంతకం చేసిన వడ్డీని తీర్చింది మెదక్‌లోనో ఎలగందులలోనో బీడులో బావి తవ్వుకోలేకపోయిన ఆ రైతే. కోఠీ పేరు కూడా అతను విని ఉండడు.

మీర్ ఆలం తరం సొమ్ము చెరువయింది. ఈ సొమ్ము నెల తిరిగేసరికి జీతంగా కరిగిపోయింది, వడ్డీ మాత్రం మిగిలింది. పెట్టుబడికీ అప్పుకీ ఉన్న తేడా అంతా ఇందులోనే ఉంది.

కలకత్తా ఇచ్చిన లైసెన్సు

ఇంత లాభసాటి వ్యాపారంలోకి పోటీగా ఇంకో బ్రిటిష్ సంస్థ ఎందుకు రాలేదు? రాకుండా చట్టమే అడ్డుపడింది. దేశీయ సంస్థానాధీశులకు బ్రిటిష్ ప్రజలెవరూ ప్రభుత్వ అనుమతి లేకుండా అప్పివ్వకూడదని 1797లో పార్లమెంటు చట్టం చేసింది. అంతకు ముందు ఆర్కాటు నవాబుకు మద్రాసు తెల్లదొరలు ఇచ్చిన అప్పుల గొడవ లండన్‌ను కుదిపేసింది. ఆ అనుభవం లోంచి పుట్టిన మంచి చట్టమే ఇది.

1816 జూలైలో ఆ చట్టం నుంచి పామర్ కోఠీకి మినహాయింపు దొరికింది. ఇచ్చింది హేస్టింగ్స్ ప్రభుత్వం. వడ్డీ సంగతీ తేలింది. కంపెనీ ఇలాకాలో బ్రిటిష్ ప్రజలు 12 శాతానికి మించి వడ్డీ తీసుకోకూడదు, కానీ నిజాం రాజ్యంలో ఆ హద్దు వర్తించదని కలకత్తాలోని కంపెనీ న్యాయవాది అభిప్రాయం చెప్పాడు. లైసెన్సులో ఒక మంచి షరతు మాత్రం ఉంది. కోఠీ లావాదేవీలు ఏమిటో, ఎందుకో రెసిడెంట్ ఎప్పుడైనా తనిఖీ చేసి తెలుసుకోవచ్చు. రస్సెల్ ఆ అధికారాన్ని వాడింది లేదు. ఆయన సొమ్మూ ఆ కోఠీతో ముడిపడి ఉందన్న ఆరోపణ చివరిదాకా ఆయన్ని వదల్లేదు. రెసిడెన్సీ ఉద్యోగులే కొందరు కోఠీలో భాగస్తులు. కోఠీ ఉమెన్స్ కాలేజీగా మనందరికీ తెలిసిన ఆ గంభీరమైన రెసిడెన్సీ భవనంలో కూర్చున్నవాళ్లు రాజ్యానికి సలహా చెప్పారు, ఆ రాజ్యానికే అప్పిచ్చారు, ఆ అప్పును తనిఖీ చేయాల్సిందీ వాళ్లే.

అందుకే అంటున్నాను, పామర్ కోఠీ బయటి నుంచి తెచ్చింది పెట్టుబడి కాదు. తెచ్చింది అనుమతి. డబ్బు ఇక్కడిదే, కష్టం ఇక్కడిదే, శిస్తు ఇక్కడిదే. కలకత్తా నుంచి వచ్చినది ఒక్క సంతకం. లాభమంతా ఆ సంతకానిదే.

మెట్కాఫ్ వచ్చాడు

1820లో కోఠీ 60 లక్షల కొత్త అప్పు ప్రతిపాదించింది. పాత బాకీలు తీర్చడానికి, రాజ్యాన్ని చక్కదిద్దడానికి అని చెప్పారు. కలకత్తా కౌన్సిల్లో అభిప్రాయాలు చీలితే హేస్టింగ్స్ తన మొగ్గుతో దాన్ని గట్టెక్కించాడు. ఆ ఏడాది నవంబరులో కొత్త రెసిడెంట్ చార్లెస్ మెట్కాఫ్ హైదరాబాద్‌లో దిగాడు. పదిహేనేళ్ల తర్వాత, 1835లో, తాత్కాలిక గవర్నర్ జనరల్‌గా భారతీయ పత్రికల మీద ఆంక్షలు ఎత్తేసింది ఈ మెట్కాఫే.

ఆయన పద్దులు తిప్పించాడు. 60 లక్షల అప్పు అన్నదాంట్లో దివాణం చేతికి కొత్తగా వచ్చింది చాలా తక్కువని, ఎక్కువ భాగం పాత బాకీనే కొత్త పద్దులో తిరగరాశారని తేల్చాడు. 8 లక్షలు భాగస్తులకు బోనస్ కింద పోయాయని రాశాడు. జిల్లాలు తిరిగాడు. ఖాళీ అయిన ఊళ్లను, శిస్తు కట్టలేక పారిపోయిన రైతులను చూశాడు. ఆయన సూచించిన మందు చాలా సరళమైనది. కంపెనీ హామీ మీద కలకత్తాలో 6 శాతానికి అప్పు తీసి పామర్ బాకీ మొత్తం ఒకేసారి కట్టేయడం.

ఆరు శాతం! ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అదే రాజ్యం, అదే శిస్తు. ఒక దారిలో లక్షకు 25 వేలు, ఇంకో దారిలో 6 వేలు. తేడా 19 వేలు. కంపెనీ హామీ ఉంటే 6 శాతానికే దొరికే డబ్బు అది. తలుపు ఒక్కరికే తెరిచి మిగిలినవాళ్లకు మూసి ఉంచినందుకు పడిన ధర ఆ 19 వేలు.

హేస్టింగ్స్ మండిపడ్డాడు. మెట్కాఫ్ తనకు ద్రోహం చేశాడన్నంతగా ఉత్తరాలు నడిచాయి. కానీ లండన్‌లో కంపెనీ డైరెక్టర్లు అప్పటికే మేలుకున్నారు. లైసెన్సు రద్దు చేసి ఈ అప్పులు ఆపమని 1820లోనే ఆజ్ఞ పంపారు. 1823 ఆరంభంలో హేస్టింగ్స్ పదవి వదిలి వెళ్లాక గానీ లెక్క తేలలేదు.

సర్కార్ల పేష్కష్ ఆవిరైంది

తేలిన తీరు తెలుగువాళ్లందరూ గుర్తుంచుకోవాల్సింది. 1766 ఒప్పందంతో శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి సర్కార్లు కంపెనీకి దఖలయ్యాయి. 1788లో గుంటూరు కూడా చేరింది. ఆ భూముల మీద నిజాం హక్కుకు గుర్తుగా కంపెనీ ఏటా పేష్కష్ చెల్లించేది. 1823 నాటికి అది ఏడాదికి 7 లక్షలు. హైదరాబాద్ ఖజానాకు ఎండైనా వానైనా వచ్చే రాబడి అది.

పామర్ బాకీ తీర్చడానికి ఆ రాబడినే అమ్మేశారు. ఏటా 7 లక్షలు తెచ్చే ఆస్తి విలువ 6 శాతం లెక్కన ఎంత? 1,16,66,666 రూపాయలు. ఆ మొత్తాన్ని కంపెనీ ఒక్కసారిగా విడుదల చేసింది, దానితో కోఠీ బాకీ తీరింది, పేష్కష్ శాశ్వతంగా రద్దయింది. ఏలూరు, రాజమండ్రి పొలాలతో హైదరాబాద్‌కు 57 ఏళ్లుగా మిగిలిన చివరి తాడు అలా తెగింది. యుద్ధం జరగలేదు, కోట కూలలేదు. చక్రవడ్డీ చాలింది.

కోఠీ కూడా నిలవలేదు. 1824లో దివాలా తీసింది. 12 శాతం ఆశపడి సొమ్ము దాచుకున్నవాళ్లు ఇరుక్కుపోయారు. 1825లో లండన్‌లో కంపెనీ వాటాదారుల సభ ఈ వ్యవహారం మీద వాదించుకుంది. కలకత్తాలో జాన్ పామర్ సంస్థ 1830లో కూలి అక్కడి వర్తక కోఠీలన్నిటినీ కుదిపింది.

సిక్కు ఛావనీ దాకా

అప్పు తీరినా అలవాటు తీరలేదు. 1829లో నాసిరుద్దౌలా గద్దెనెక్కగానే జిల్లాల్లో మెట్కాఫ్ పెట్టిన ఆంగ్ల పర్యవేక్షకులను తీసేశారు. చందూలాల్ మళ్లీ పాత దారిలోనే శిస్తు వసూళ్లను గుత్తకిచ్చాడు. గుత్తదారు మొండికేసినా, అరబ్, రోహిల్లా బలగాలు జీతాల కోసం ఎదురుతిరిగినా అదుపు చేయడానికి కొత్త బలం కావాల్సి వచ్చింది. 1832లో పంజాబ్ నుంచి మహారాజా రంజిత్ సింగ్ సైనికులు హైదరాబాద్ చేరారు. లాహోరీ ఫౌజ్ అన్నారు వాళ్లను. శాంతిభద్రతలతో పాటు శిస్తు వసూలులోనూ వాళ్లను వాడుకున్నారు. కిషన్‌బాగ్ దగ్గర బరంబాలాలోని సిక్కు ఛావనీ ఆ ఫౌజ్ గురుతే. దఖనీ ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడే ఆ కుటుంబాలు ఇప్పటికీ అక్కడున్నాయి. పంజాబీ యువకులు ఇంత దూరం వచ్చి మూసీ ఒడ్డున స్థిరపడటానికి వెనక ఖాళీ అయిన ఒక ఖజానా ఉంది. ఆ ఖజానా ఖాళీ కావడం వెనక పామర్ పద్దులూ ఉన్నాయి.

పామర్ స్థానంలోకి పెస్తన్‌జీ మెహర్‌జీ వంటి పార్శీ సాహుకార్లు వచ్చారు. ఔరంగాబాద్ టంకశాలలో పెస్తన్‌షాహీ రూపాయి ముద్రించుకునేంత పట్టు సంపాదించారు. చివరికి కంటింజెంట్ జీతాల బాకీ కింద 1853లో పత్తి పండే బేరార్‌ను కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. ఆ ఏడాదే పాతికేళ్లు కూడా నిండని సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు.

ఈ పద్దు మనకేం చెబుతోంది?

ఇవాళ హైదరాబాద్ విదేశీ సంస్థలకు ఇష్టమైన ఊరు. 1998లో హైటెక్ సిటీ తలుపులు తెరిచింది మొదలు ప్రపంచంలోని పెద్ద కంపెనీలన్నీ వరుస కట్టాయి. వాటి జీతాలతో లక్షల ఇళ్లు నిలబడ్డాయి. పామర్ కథ చెప్పి ఎవరినీ రావద్దనడం నా ఉద్దేశం కాదు. గోదావరి కలప ఆలోచన సాగాల్సిందనే అంటాను. బయటి సొమ్ము, బయటి నేర్పు వచ్చినప్పుడల్లా ఈ నేల ఏదో ఒకటి నేర్చుకుంది.

కానీ వచ్చేదాన్ని తూచే పద్ధతి పామర్ పద్దుల్లోనే ఉంది. నిజంగా డబ్బు తెస్తున్నారా, లేక మన డబ్బునే మనకు తిప్పి ఇచ్చే అనుమతి తెచ్చుకుంటున్నారా? ఆ డబ్బుతో చెరువో, కార్ఖానాయో, నైపుణ్యమో మిగులుతుందా, లేక వడ్డీ మాత్రమే మిగులుతుందా? అన్నిటికీ మించి, అనుమతి ఇచ్చే చేతికీ తనిఖీ చేసే కంటికీ లాభంలో వాటా ఉందా? 1816 లైసెన్సులో తనిఖీ షరతు ఉంది. ఉండీ ఉపయోగపడలేదు. కాగితం మీది షరతును పనిచేయించేది లాభంతో సంబంధం లేని మనిషి. ఆ మనిషి 1820 దాకా రాలేదు. ఆ ఆలస్యానికి మూల్యం సర్కార్ల పేష్కష్, దాని వెనకే బేరార్, అన్నిటి అడుగున పేరు తెలియని రైతు. పెట్టుబడి ఎంత వచ్చిందని లెక్కించే ప్రతి ప్రభుత్వం, దాన్ని ఎవరు తనిఖీ చేస్తున్నారో కూడా అదే పేజీలో రాసి జనానికి చూపించాలి.

సాలార్‌జంగ్ ఈ పాఠం చాలావరకు నేర్చుకున్నాడు. ఆయన హయాంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఆయన పోయిన 1883లోనే నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే లండన్‌లో కంపెనీగా పుట్టింది. దాని వెనకే గనుల రాయితీ వచ్చింది. ఇల్లందు దగ్గర దొరికిన బొగ్గు పేరు చెప్పి లండన్ మార్కెట్లో షేర్లు అమ్మారు, నిజాం సొమ్ముతోనే వాటిని కొన్నారు, 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. తర్వాతి కాలంలో సింగరేణిగా మనందరి నోటా నానిన ఆ గనుల తొలి షేర్ల కథ వచ్చే భాగంలో.